మా చిన్నది వెల్డింగ్ నేర్చుకుంటానంది

జూన్‌లో ఒక రాత్రి అన్నాలు తిని వాకిట్లో కూర్చున్నాం. మా చిన్నది ఫోన్‌లో ఐటీఐ అప్లికేషన్ నింపుతోంది. ఇంటర్ ఎంపీసీ పాసయింది కానీ ఎంసెట్‌లో వచ్చిన ర్యాంకు గురించి మా ఇంట్లో ఎవరం మాట్లాడుకోం. సరే, ఐటీఐ అయినా ఒక దారే కదా, కంప్యూటర్ కోర్సో కుట్టుపనో తీసుకుంటుందిలే అనుకున్నాను.

"కౌన్సెలింగ్‌లో ఏ ట్రేడు అడుగుతావు పాపా?" అన్నారు మా ఆయన.

"వెల్డర్" అంది, తల ఎత్తకుండానే.

మా అత్త తమలపాకు నమలడం ఆపింది. "ఆడబిడ్డ అగ్గి కాడ కూసుంటే రేపు ఎవురు సేసుకుంటారే?" అంది.

"నువ్వు అరవై ఏండ్లుగా అగ్గి కాడే కదవ్వా కూచున్నేది. నిన్ను చేసుకోలేదా మా తాత?" అంది చిన్నది.

మా ఆయన నవ్వు ఆపుకోలేక లేచి లోపలికి పోయారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ రాత్రి నిద్ర కూడా రాలేదు. నాలాగా పదో తరగతో, ఇంటరో అయిన పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని నిద్ర పట్టని అమ్మలు చాలామంది ఉంటారని తెలుసు కాబట్టి ఇది రాస్తున్నాను.

పొద్దున్నే దానికి మూడు కారణాలు చెప్పాను. కళ్ళు పోతాయి. చేతులు కాలతాయి. ఆ పనిలో అందరూ మగోళ్ళే. నాలుగో కారణం నోటితో చెప్పలేదు. మా ఆడపడుచు కూతురు బెంగళూరులో సాఫ్ట్‌వేర్. మా అక్క కూతురు బీ ఫార్మసీ. ఈసారి పెండ్లిలో అందరూ కలిసినప్పుడు "మీ చిన్నది ఏం చదువుతాంది?" అంటే నేనేం చెప్పాలి? నిజం చెప్పాలంటే ఆ మూడింటికన్నా ఇదే నన్ను ఎక్కువ పీకింది.

అది వాదించలేదు. "అమ్మా, తాత గొర్రు గుర్తుందా?" అని మాత్రం అడిగింది.

గుర్తులేకేం! మా మామగారి ఊరు కళ్యాణదుర్గం వైపు. అంతా మెట్ట, ఎర్ర నేల, శెనక్కాయ పంట. అనంతపురం వాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ, గోదావరి వైపు అక్కలకు తెలియకపోవచ్చు. మాకు ఏడాదికి పడేదే సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదీ ఒకచోట పడితే ఇంకోచోట పడదు. పడ్డాక ఆ తడి ఎర్ర నేలలో రెండు మూడు రోజులే నిలుస్తుంది. దాన్నే పదును అంటాం. జూలైలో వీచే గాలికి అది కూడా తొందరగా ఆరిపోతుంది. ఆ రెండు రోజుల్లో విత్తనం పడిందా, పంట మీద ఆశ ఉంటుంది. లేదా, మళ్ళీ మొగులు వైపు చూస్తూ కూర్చోవడమే.

చిన్నదానికి ఎనిమిదేళ్ళప్పుడు, శని ఆదివారాలకు ఊరికి పోయి ఉన్నాం. ముందురోజు రాత్రి మంచి వాన పడింది. తెల్లారేసరికి బాడుగ ట్రాక్టర్ వచ్చింది. నాలుగు సాళ్ళు పోయేసరికి గొర్రు చట్రం దగ్గర అతుకు ఊడిపోయింది. మామ దాన్ని ఎత్తుకుని మండలంలో వెల్డింగ్ షాపుకు పోయాడు, వెంట ఇదీ పోయింది. అక్కడ అప్పటికే ఏడెనిమిది మంది. ఒకరిది గొర్రు, ఒకరిది గుంటక, ఒకరిది ట్రాలీ కొక్కెం. అందరికీ ఒకే పదును, ఒకే తొందర. వెల్డర్ ఒక్కడే. మధ్యాహ్నం కరెంటు పోయింది. రాత్రి ఎప్పుడో వచ్చింది. మరుసటి రోజు సాయంత్రానికి గొర్రు చేతికొచ్చింది కానీ అప్పటికి చేలో పైన దుమ్ము లేస్తోంది. ఆ ఏడు ఆలస్యంగా విత్తాం. కాయలు రాలేదు, పశువులకు కట్టె మాత్రం మిగిలింది.

మామ ఆ రోజు షాపు ముందు రాయి మీద కూర్చుని ఎన్నిసార్లు నేల వైపు, ఎన్నిసార్లు మొగులు వైపు చూశాడో ఇది లెక్క చెప్పింది. పదేళ్ళయినా మరిచిపోలేదు. మామ ఇప్పుడు లేడు.

"ఆ అతుకు వేయడానికి ఆయనకు పది నిమిషాలు పట్టిందమ్మా. దానికోసం తాత రెండు రోజులు కూర్చున్నాడు" అంది.

నేను ఇంకేం మాట్లాడలేదు. అలాగని ఒప్పుకోనూ లేదు.

రెండు రోజులు ఆలోచించాక నా మనసుకు తట్టిన మాట ఇది. మా పెద్దోడిని ఇంజినీరింగ్‌లో చేర్చేటప్పుడు నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఊళ్ళో రెండెకరాలు అమ్మాం. కాలేజీ గేటు, బస్సులు, ఏసీ ఆఫీసు చూసి మురిసిపోయాం. లోపల ల్యాబ్ ఉందా, పాఠం చెప్పేవాళ్ళు ఉన్నారా అని చూడలేదు. నాలుగేళ్ళ తర్వాత వాడు ఇప్పుడు బెంగళూరులో కాల్ సెంటర్‌లో రాత్రి డ్యూటీ చేస్తున్నాడు. వాడిది తప్పు కాదు, కష్టపడే పిల్లోడే. తప్పు మాది. "ఇంజినీరింగ్" అన్న మాట వింటే చాలు, మా నోళ్ళు మూతపడిపోయాయి. అదే ఒక్క ఏడాది వెల్డర్ కోర్సు అనేసరికి నూటొక్క ప్రశ్నలు లేచాయి.

ప్రశ్నలు అడగడం తప్పు కాదు. కాకపోతే సరైన ప్రశ్నలు అడగాలి. "జనం ఏమంటారు" అనేది కోర్సుకు వేసే ప్రశ్న కాదు. సంబంధం చూసేటప్పుడు మనం ఎంత ఆరా తీస్తాం! అబ్బాయి జీతం, అలవాట్లు, అప్పులు, మేనత్త నోరు, అన్నీ కనుక్కుంటాం. అందులో సగం ఆరా పిల్లల చదువు మీద పెడితే చాలు.

అందుకే నేనూ ఆరా తీశాను. ముందు మా వీధి చివర గేట్లు, గ్రిల్లులు చేసే షాపుకు పోయాను. ఆ అన్నను ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా, ఎప్పుడూ మాట్లాడింది లేదు. "అన్నా, ఆడపిల్ల ఈ పని చేయగలదా?" అని అడిగాను. "బరువు ఎత్తేది క్రేనో, నలుగురు మనుషులో ఎత్తుతారక్కా. అతుకు వేసేదానికి బలం కాదు, చెయ్యి వణక్కూడదు. ఓపిక ఉండాల" అన్నాడు. మరి ఆయన కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఎందుకుంటాయని అడిగితే తల గోక్కున్నాడు. చిన్నచిన్న అతుకులకు నల్లద్దం పెట్టుకోడట. చెయ్యి అడ్డం పెట్టుకుని కొట్టేస్తాడట.

నా భయం నిజమేనని అక్కడ తెలిసింది. ఆ భయానికి మందు ఏమిటో కూడా అక్కడే తెలిసింది. ఆర్క్ వెలుగులో కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. చూసినప్పుడు ఏమీ అనిపించదు. కొన్ని గంటల తర్వాత, రాత్రిపూట, కళ్ళలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. మనవైపు బంగాళాదుంప ముక్కలు పెట్టుకుంటారు, పాలు వేసుకుంటారు. పాలు కంట్లో వేస్తే ఇన్‌ఫెక్షన్ రావచ్చు. పోవాల్సింది కంటి డాక్టరు దగ్గరికే. అసలు ఆ మంట రాకుండా ఉండాలంటే పని కొద్దిదైనా, గొప్పదైనా, సరైన నంబరు నల్లద్దం ఉన్న హెల్మెట్ పెట్టుకోవాలి. పక్కన నిలబడి చూసేవాళ్ళకు కూడా అదే రూలు. అంటే కళ్ళు చెడేది వెల్డింగ్ చేసినందుకు కాదు, నిర్లక్ష్యంగా చేసినందుకు.

కాలిన మచ్చల మాటకొస్తే, ఆ రోజు రాత్రి రొట్టెలు కాలుస్తూ నా చేతులు చూసుకున్నాను. పెనం తగిలిన గుర్తు, నూనె చిట్లిన గుర్తు, కుక్కర్ ఆవిరి గుర్తు, మొత్తం ఆరు. నా పెండ్లప్పుడు నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టడానికి ఎవరూ గ్లౌజులు ఇవ్వలేదు, భయపడనూ లేదు.

తర్వాత రెండు ఐటీఐలు చూశాను. ఒకటి ప్రైవేటుది. పేరు వద్దు. అప్లికేషన్ ఫారం వెంటనే చేతిలో పెట్టారు. వర్క్‌షాపు చూస్తానంటే "రేపు రండి" అన్నారు. రేపు పోయాను. రెండు మెషిన్ల మీద దుమ్ము, గోడ మీద చార్టులు ఉన్నాయి. "పిల్లలు రోజుకు ఎన్ని రాడ్లు కాలుస్తారు సార్?" అన్నాను. ఆయన నన్ను వింతగా చూశారు. ఈ ప్రశ్న నాకు నేర్పింది మా వీధి చివర అన్నే. "చెయ్యి తిరగాలంటే రాడ్లు కాల్చాలక్కా. ఫీజు గురించి కాదు, రాడ్ల గురించి అడుగు" అన్నాడు.

రెండోది ప్రభుత్వ ఐటీఐ. బిల్డింగ్ పాతదే. కానీ వర్క్‌షాపులో అడుగుపెట్టగానే కాలిన ఇనుము వాసన వచ్చింది. బల్లల కింద కాల్చి పడేసిన రాడ్ల ముక్కలు కుప్పగా ఉన్నాయి. వాటిని చూసి నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

మీరూ పోయినప్పుడు అడగండి. జాతీయ వృత్తి శిక్షణ గుర్తింపు ఆ సంస్థకే కాదు, మీ పిల్ల చేరే ఆ ట్రేడుకు ఉందా? ఎందుకంటే గుర్తింపు ట్రేడు వారీగా ఇస్తారు. ఆర్క్, గ్యాస్ వెల్డింగ్‌తో పాటు మిగ్, టిగ్ మెషిన్లు పనిచేస్తున్నాయా, చార్టులోనే ఉన్నాయా? పొగ బయటికి పోయే ఏర్పాటు ఉందా? ఆడపిల్లలకు బట్టలు మార్చుకునే గది, నీళ్ళు వచ్చే మరుగుదొడ్డి ఉన్నాయా? పోయినేడాది పాసైన పిల్లలు అప్రెంటిస్‌షిప్‌కు ఎక్కడికి పోయారు? చివరి రెండూ అడగడానికి మొహమాటపడొద్దు. మొహమాటపడితే ఆ తర్వాత ఏడాదంతా ఇబ్బంది పడేది మన పిల్లే.

అప్లికేషన్ విషయం పెద్ద కష్టం కాదు. మన రాష్ట్రంలో ప్రభుత్వ, ప్రైవేటు ఐటీఐలకు కలిపి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి. తర్వాత సర్టిఫికెట్లు చూపించుకోవాలి, ఆపైన కౌన్సెలింగ్. మొదటి విడతలో సీటు రాకపోతే తర్వాతి విడతలు ఉంటాయి. వెల్డర్ ట్రేడుకు ఎనిమిదో తరగతి పాసైనా చాలు. వయసు పద్నాలుగు నిండాలి. కోర్సు ఒక్క ఏడాది. పదో తరగతి మార్కుల మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కులం సర్టిఫికెట్, ఆధార్, ఫొటోలు ఒక ఫైల్లో పెట్టుకోండి. జిరాక్సులు రెండు సెట్లు తీయండి. మా ఇంట్లో ఆధార్‌లో తండ్రి పేరు ఒకలా, మెమోలో ఒకలా ఉండి మీసేవ చుట్టూ మూడు రోజులు తిరిగాం. ఆ పని మే నెలలోనే చూసుకోండి.

సీటు వచ్చాక క్లాసులు మొదలయ్యేలోపు కొన్ని వారాలు దొరికాయి. ఆ సమయాన్ని వృథా చేయలేదు. ముందు కంటి పరీక్ష చేయించాం. చిన్న పవర్ ఉందన్నారు, అద్దాలు తీసుకున్నాం. లెక్కలు ఎటూ వచ్చు. కోణాలు, మిల్లీమీటర్లు, డ్రాయింగ్ చూసి ముక్క కోయడం పాత పుస్తకాల్లో తిరగేసింది. వీధి చివర అన్న దగ్గర రోజూ గంటసేపు కూర్చుంది. ఆయన కరెంటు ఇవ్వకుండా ఉత్త హోల్డర్ చేతికిచ్చి, ఇనుప పలక మీద సుద్ద గీత వెంబడి రాడ్డు నడిపించమన్నాడు. రాడ్డు కరిగేకొద్దీ పొట్టిదవుతుంది కాబట్టి చెయ్యి కొద్దికొద్దిగా కిందికి దిగుతూ ఉండాలట. ఎత్తు మారకూడదు, వేగం మారకూడదు. నేను పోయి చూశాను. నేను దానికి ఐదేళ్ళప్పుడు ముగ్గు పట్టడం నేర్పింది ఇలాగే. పిండి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడకుండా.

గ్యాస్ వెల్డింగ్ సిలిండర్ల గురించి వచ్చి చెబితే నేనే నోరు తెరిచాను. ఆక్సిజన్‌ది నల్ల సిలిండర్, అసిటిలీన్‌ది మెరూన్ రంగు. అసిటిలీన్ మరలు ఎడమ వైపుకు తిరుగుతాయి, ఆక్సిజన్‌వి మామూలుగా కుడి వైపుకు. దీనికి బిగించేది దానికి పట్టదు, పొరపాటున కూడా కలవదు. ఆక్సిజన్ రెగ్యులేటర్‌కు నూనె చెయ్యి తగలకూడదు, మంట లేచిపోతుంది. తలకు నూనె పెట్టుకుని అదే చేత్తో రెగ్యులేటర్ ముట్టుకోవద్దని నా వంతు జాగ్రత్త నేనూ చెప్పాను.

ఇక్కడి దాకా చదివి "అయితే అందరూ పిల్లల్ని వెల్డింగ్‌లో చేర్చేయండి అంటావా?" అని అడగొచ్చు. అనను. ఇందులోనూ కష్టాలు ఉన్నాయి. మొదట్లో జీతాలు తక్కువ. చాలాచోట్ల కాంట్రాక్టర్ కిందే పని. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ 2019లో మొదలైనప్పుడు మా జిల్లా అంతా సంబరపడింది. కానీ కారు బాడీకి అతుకులు వేసేది అక్కడ ఎక్కువగా రోబోలే. ఐటీఐ కాగితం చూపగానే కార్ల ఫ్యాక్టరీ గేటు తెరుచుకుంటుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. అయితే గొర్రు చట్రం విరిగితే చేలోకి రోబో రాదు. బోరు కేసింగ్ పైపు అతకాలన్నా, ట్రాలీ ఇరుసు నిలబెట్టాలన్నా, షెడ్డు వేయాలన్నా మనిషి చెయ్యే కావాలి. ఫ్యాక్టరీలకే పోవాలనుకుంటే ఏడాది తర్వాత అప్రెంటిస్‌షిప్ చేయాలి. పైపు వెల్డింగ్, టిగ్ నేర్చుకుని పరీక్షలు పాసైతే విలువ పెరుగుతుంది. గుంతకల్లు రైల్వే మనకు దగ్గరే. తాడిపత్రిలో స్టీలు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. దారులు ఉన్నాయి, కానీ నడవాల్సింది పిల్లలే.

మగోళ్ళ పని అనే మాటకు కూడా నా దగ్గర ఇప్పుడు జవాబుంది. రెండో ప్రపంచ యుద్ధంలో మగవాళ్ళు సైన్యంలోకి పోతే, అమెరికాలో ఓడల కార్ఖానాల్లో వేలమంది ఆడవాళ్ళు వెల్డింగ్ నేర్చుకుని ఓడలు కట్టారు. వాళ్ళలో చాలామంది అంతకుముందు మనలాగా ఇల్లు చూసుకున్నవాళ్ళే. యుద్ధం అయిపోయాక ఎక్కువమందిని ఇంటికి పంపేశారు. పని చేతకాక కాదు. మగవాళ్ళు తిరిగొచ్చారని. ఇది చదివాక నాకు ఒకటి అర్థమైంది. అవసరం పడినప్పుడు ఆడవాళ్ళ చేతికి ఏ పనైనా ఇస్తారు. అవసరం తీరాక అది మగవాళ్ళ పని అయిపోతుంది.

ఇక పెండ్లి. చేసుకునేవాడు దాని చేతిలో రాడ్డు చూసి వెనక్కి పోతే పోనీ. నా కాలంలో "అమ్మాయికి వంట వచ్చా?" అని అడిగారు, వచ్చు అన్నాం. ఇరవై నాలుగేళ్ళుగా వండుతున్నాను. నాకు ఆ పని మీద కోపం లేదు. కానీ నా చేతిలో ఉన్న పనికి బయట ఎవరూ కూలి కట్టరు. కాలం కలిసిరాని ఏడాది మా ఆయన ముఖం వైపు చూడటం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. నా కూతురికి ఆ చూపు రాకూడదు. నేను కోరేది అంతే.

క్లాసులు మొదలయ్యే ముందురోజు ఇంకో చిక్కు వచ్చింది. వర్క్‌షాపులోకి నూలు బట్టలే వేసుకోవాలి. పాలిస్టర్, నైలాన్ మీద నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. పొడుగు చేతులుండాలి, దుపట్టా ఉండకూడదు. యూనిఫాం కుట్టి రావడానికి ఇంకా వారం పడుతుంది. బీరువా అంతా వెతికితే దాని బట్టల్లో నూలువి ఒక్కటీ లేవు. అన్నీ మెరిసే రకాలే.

మా అత్త ఇదంతా మంచం మీద నుంచే చూస్తోంది. రెండు నెలలుగా "నాకు చెప్పకండి" అంటూనే అన్నీ వింది. లేచి తన ట్రంకు పెట్టె తెరిచింది. అడుగు నుంచి మామ చొక్కాలు రెండు తీసింది. ముతక నూలువి, పొడుగు చేతులవి. ఆయన పోయాక ఎవరికీ ఇవ్వనివ్వలేదు వాటిని.

"పొడుగు ఎక్కువైతాది. మీ అమ్మను కొంచెం మడిచి కుట్టమను" అంది చిన్నదానితో. కొంచెం ఆగి, "నల్లద్దం మర్సిపోవద్దు" అంది.

ఆ రాత్రే మిషన్ మీద మడిచి కుట్టాను.

మీ ఇంట్లో కూడా ఎవరైనా తల ఎత్తకుండా ఏదో ఒక ట్రేడు పేరు చెబితే, వద్దనే ముందు ఒక్కసారి ఆ వర్క్‌షాపుకు పోయి రండి. బల్లల కింద చూడండి. రాడ్ల ముక్కలు ఉన్నాయో లేవో చూశాకే సరేనో, కాదో చెప్పండి.